జారిపోయిన చార్మినార్, నిలబెట్టిన చుక్కలు



పోయిన జనవరిలో మన బడి మైదానంలో చార్మినార్ లేచింది. లేచి ఊరుకోలేదు. మూడు సెకన్లు బుద్ధిగా నిలబడి, ఆ తరువాత మెల్లగా బాస్కెట్‌బాల్ కోర్టు వైపు జారిపోయింది. కంప్యూటర్ గదిలో ఉన్న అందరం పడిపడి నవ్వాం. నవ్వు ఆగాక ఒక ప్రశ్న మిగిలింది: రాతి కట్టడం ఎందుకు జారింది? ఆ ప్రశ్న వెంట పడితే మెట్రో కిటికీ, చుక్కల ముగ్గు, క్రికెట్ పిచ్, చందమామ దాకా వెళ్లాం. ఆ కథే ఈ వ్యాసం.

‘ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్’ కార్యక్రమంలో మన హరియాణాకు తెలంగాణ జత రాష్ట్రం అని మీకు తెలుసు. ఫిబ్రవరి 21 మాతృభాషా దినోత్సవానికి తెలంగాణ మీద ఒక చిన్న వీడియో చేద్దామని ఎనిమిదో తరగతి పిల్లలు ముందుకొచ్చారు. వాళ్లలో ఒక అమ్మాయి అక్టోబరులోనే మన బడికి వచ్చింది. వాళ్ల నాన్నది వైమానిక దళంలో ఉద్యోగం. జామ్‌నగర్, తేజ్‌పూర్, సికింద్రాబాద్ అయ్యాక ఇది ఆమెకు నాలుగో బడి. ఇంట్లో మాట్లాడేది ఒడియా. తెలుగు మాత్రం సికింద్రాబాద్ క్వార్టర్లలో పక్కింటివాళ్ల దగ్గర నేర్చుకుంది. “మేడమ్, చార్మినార్‌ని మన గ్రౌండ్‌లో నిలబెడదాం” అన్నది ఆమే.

ఫోన్ పట్టుకుని, మైదానంలో నడుస్తూ, 12 సెకన్ల వీడియో తీశారు. సెకనుకు 30 బొమ్మల లెక్కన మొత్తం 360 బొమ్మలు. వీటినే ఫ్రేములంటారు. ప్రతి ఫ్రేములోనూ చార్మినార్ సరైన చోట, సరైన సైజులో, సరైన కోణంలో కనిపించాలి. అప్పుడే అది నేలలో పునాది ఉన్నదానిలా ఉంటుంది.

కదలని కెమెరా, కదిలే కెమెరా

1957లో వచ్చిన ‘మాయాబజార్’ మీ తాతయ్యలు, అమ్మమ్మలు చూసే ఉంటారు. మీరూ టీవీలో చూసి ఉంటారు. కె.వి. రెడ్డి దర్శకుడు, మార్కస్ బార్‌ట్లే ఛాయాగ్రాహకుడు. ఘటోత్కచుడి మాయలన్నీ కంప్యూటర్లు లేని రోజుల్లో చేసినవే. ఒకే ఫిల్మ్ మీద రెండుసార్లు బొమ్మ తీసి రెండింటినీ కలపడం అప్పటి కిటుకుల్లో ఒకటి. అలా కలపాలంటే కెమెరా కదలకూడదు. మొదటిసారికీ రెండోసారికీ మధ్య వెంట్రుకవాసి జరిగినా మాయ బయటపడిపోతుంది.

కెమెరా కదులుతూనే ఉండాలంటే? 1977లో ‘స్టార్ వార్స్’ సినిమా వాళ్లు ఒక ఉపాయం పన్నారు. కెమెరాను కంప్యూటర్ నడిపే యంత్రానికి బిగించారు. ఆ యంత్రం ఒకే కదలికను ఎన్నిసార్లయినా తేడా లేకుండా మళ్లీ మళ్లీ చేసేది. కానీ చేత్తో పట్టుకుని నడిచే మనిషి తన నడకను తానే మళ్లీ చేయలేడు. మరి అతను ఎలా నడిచాడో ఎలా తెలుసుకోవాలి?

జవాబు ఆ వీడియోలోనే ఉంది. కెమెరా కదిలిన ప్రతిసారీ అందులో కనిపించే వస్తువులు స్థానం మారతాయి. ఆ మార్పులను వెనక్కి చదివితే కెమెరా ఏ దారిలో, ఎటు తిరుగుతూ వెళ్లిందో తేల్చవచ్చు. తేలిన దారిలోనే కంప్యూటర్ లోపల ఒక ఉత్తుత్తి కెమెరాను నడిపిస్తే, ఆ ఉత్తుత్తి కెమెరాకు కనిపించే చార్మినార్ మన వీడియోలో సరిగ్గా అతుక్కుంటుంది. ఈ పనిని మ్యాచ్‌మూవింగ్ అంటారు. మేము వాడిన సాఫ్ట్‌వేర్ పేరు బ్లెండర్. అది ఉచితం. 2011 నుంచి అందులో ఈ సదుపాయం ఉంది.

చుక్క అంటే ఏమిటి?

వెనక్కి చదవడానికి కంప్యూటర్‌కు ఆనవాళ్లు కావాలి. సినిమా వాళ్లు వాటిని ఫీచర్లు అంటారు. మనం చుక్కలు అందాం. సంక్రాంతికి ముగ్గు వేసేటప్పుడు ముందు చుక్కలు పెడతారు కదా? గీత ఎంత వంకర తిరిగినా చుక్కలు దాన్ని దారిలో పెడతాయి. ఇక్కడా అంతే.

వీడియోలో ఎక్కడ పడితే అక్కడ చుక్క పెట్టలేం. ఎందుకో తెలియాలంటే ఒక కాగితంలో రూపాయి బిళ్లంత రంధ్రం చేయండి. దాన్ని తెల్లగోడ ముందు పట్టుకుని, ఆ రంధ్రంలోంచి చూస్తూ అటూ ఇటూ జరపండి. లోపల ఏమీ మారినట్టు ఉండదు. ఇప్పుడు కిటికీ చట్రం నిలువు అంచు ముందు పెట్టండి. కాగితాన్ని కుడికో ఎడమకో జరిపితే తెలుస్తుంది. కానీ అంచు వెంట పైకీ కిందికీ జరిపితే తెలియదు. చివరగా కిటికీ మూల ముందు పెట్టండి. ఎటు జరిపినా వెంటనే తెలిసిపోతుంది. అందుకే మంచి చుక్కకు మూల కావాలి. కిటికీ మూల, పలకరాళ్ల అతుకు, గోడ మీద మరక, నేల మీద గులకరాయి, ఇవన్నీ పనికొస్తాయి. ఖాళీ గోడ, మబ్బు లేని ఆకాశం, నున్నటి నేల పనికిరావు.

ఒక చుక్కను ఎంచుకున్నాక, దాని చుట్టూ ఉన్న చిన్న చదరపు ముక్కను కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుంది. తరువాతి ఫ్రేములో ఆ ముక్కలాంటిది దగ్గరలో ఎక్కడుందో వెతుకుతుంది. ఈ వెతుకులాటను వేగంగా చేసే పద్ధతిని 1981లో బ్రూస్ లూకాస్, తకేవ్ కనాడే అనే ఇద్దరు అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి ప్రచురించారు. మంచి చుక్కలను ఎలా ఎంచుకోవాలో 1994లో జియాన్‌బో షీ, కార్లో టొమాసీ చెప్పారు.

ఇక్కడ మనకు సంతోషం కలిగించే సంగతి ఒకటి ఉంది. కనాడే పనిచేసిన రోబోటిక్స్ సంస్థ 1979లో మొదలైంది. దాని మొదటి డైరెక్టర్ మన తెలుగువారే, రాజ్ రెడ్డి గారు. పూర్తి పేరు దబ్బాల రాజగోపాల రెడ్డి. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. కంప్యూటర్ శాస్త్రంలో అంతకన్నా పెద్ద బహుమతి లేదు. ఆసియాలో పుట్టినవారిలో దాన్ని మొదట అందుకున్నది ఆయనే. ఆయన తరువాత ఆ సంస్థకు కనాడే డైరెక్టరయ్యారు.

మెట్రో కిటికీ పాఠం

చుక్కలు దొరికాయి, వాటి కదలికా దొరికింది. దాన్నిబట్టి దూరాలు ఎలా తెలుస్తాయి?

ఢిల్లీ మెట్రో బ్లూ లైన్‌లో ఇంద్రప్రస్థ నుంచి యమునా బ్యాంక్ వైపు వెళ్లేటప్పుడు రైలు యమున దాటుతుంది. ఈసారి వెళితే కిటికీ పక్కన కూర్చోండి. వంతెన గోడ, స్తంభాలు కళ్లకు అందనంత వేగంగా వెనక్కి పోతాయి. నది ఒడ్డున ఉన్న గడ్డి నిదానంగా జరుగుతుంది. దూరాన ఉన్న మేడలు కదిలీ కదలనట్టు ఉంటాయి. చందమామ ఉంటే అది మనతోపాటే వస్తుంది. అన్నిటినీ కదిలించింది ఒకే రైలు. కదలికలో తేడాకు కారణం దూరంలో తేడా. దగ్గరివి ఎక్కువ జరుగుతాయి, దూరపువి తక్కువ జరుగుతాయి.

కంప్యూటర్ ఈ తేడాను కొలుస్తుంది. అందుకే కెమెరా ఉన్నచోటే నిలబడి తల తిప్పినట్టు తిరిగితే దానికి లోతు తెలియదు. అప్పుడు దగ్గరివీ దూరపువీ కలిసే జరుగుతాయి. కెమెరా చోటు మారాలి. అడుగులు పడాలి.

ఎన్ని చుక్కలు కావాలి?

లెక్కలంటే ఇష్టమున్నవాళ్లు ఈ భాగాన్ని పెన్సిల్ పట్టుకుని చదవండి.

ఒక ఫ్రేములో కెమెరా గురించి మనకు తెలియనివి ఆరు సంఖ్యలు. అది ఎక్కడుందో చెప్పేవి మూడు, ఎటు తిరిగి ఉందో చెప్పేవి మూడు. ఒక్కో చుక్క అసలు స్థానం గురించి తెలియనివి మూడు. తెలిసేవి ఏమిటి? ఒక చుక్క ఒక ఫ్రేములో కనిపిస్తే రెండు సంఖ్యలు తెలుస్తాయి. అడ్డంగా ఎన్నో పిక్సెల్, నిలువుగా ఎన్నో పిక్సెల్.

లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ దిక్కును ముందు అనుకోవాలి, కొలత ఎంత అనేవి మన ఇష్టం. వాటికి ఏడు సంఖ్యలు పోతాయి. ఫోన్ లెన్సు వివరాలు ముందే తెలుసనుకుందాం.

రెండు ఫ్రేములు, ఐదు చుక్కలు తీసుకోండి. తెలియనివి 12 + 15 – 7 = 20. తెలిసేవి 5 × 2 × 2 = 20. రెండూ సమానం. అంటే రెండు ఫ్రేములకు ఐదు చుక్కలకన్నా తక్కువ ఉంటే పని జరగదు. ఎనిమిది చుక్కలైతే తెలియనివి 29, తెలిసేవి 32. ఎనిమిది చుక్కలతో సులువుగా తేల్చే దారిని 1981లోనే క్రిస్టఫర్ లాంగెట్-హిగ్గిన్స్ అనే శాస్త్రవేత్త చూపించారు. బ్లెండర్ కూడా కనీసం ఎనిమిది చుక్కలు అడుగుతుంది.

సరిపోతే చాలు కదా, అదనంగా ఎందుకు? ఎందుకంటే ప్రతి చుక్కలోనూ కొంత పొరపాటు ఉంటుంది. ఒకటి అర పిక్సెల్ ఇటు, ఇంకొకటి పావు పిక్సెల్ అటు. లెక్కకు మించి ఒక్కటీ లేకపోతే ఎవరి పొరపాటునూ ఎవరూ పట్టుకోలేరు. ఇరవై చుక్కలు ఉంటే అదే రెండు ఫ్రేములకు తెలియనివి 65, తెలిసేవి 80. పదిహేను అదనపు సాక్ష్యాలు. ఒకరు తప్పు చెబితే మిగతావాళ్లు కాదంటారు. తగువు తీర్చే పెద్దమనిషి ఇద్దరి మాటా కాక పదిమంది మాటా వినేది ఇందుకే.

ఇంతకీ మా తప్పేమిటి?

మాకు చుక్కలు తక్కువేం కాలేదు. బ్లెండర్ తనంతట తానే నలభై చుక్కలు పట్టింది. చివర్లో అది ఒక మార్కు ఇస్తుంది. తాను లెక్కకట్టిన చోటుకూ చుక్క నిజంగా కనిపించిన చోటుకూ సగటున ఎన్ని పిక్సెళ్ల తేడా వచ్చిందో చెబుతుంది. ఈ సంఖ్య ఒకటికన్నా తక్కువ ఉంటే మంచిదంటారు. మాకు 0.4 వచ్చింది. చప్పట్లు కొట్టుకున్నాం. చార్మినార్ పెట్టాం. అది జారింది.

మొదట ఫోన్‌ని అనుమానించాం. తరువాత కంప్యూటర్‌ని. ఆ సాయంత్రం ఆ అమ్మాయి ఒక్కతే కూర్చుని నలభై చుక్కలనూ ఒక్కొక్కటిగా చూసింది. మర్నాడు ప్రార్థన అవగానే నా దగ్గరికి వచ్చింది.

“మేడమ్, చుక్కలన్నీ బిల్డింగ్ కిటికీల మీదే ఉన్నాయి. నేల మీద ఒక్కటీ లేదు.”

అదీ సంగతి. జనవరి మంచులో చెట్లు బూడిదరంగు మసకలా ఉన్నాయి. నేల మట్టిరంగులో నున్నగా ఉంది. కంప్యూటర్‌కు మూలలు బాగా కనిపించింది దూరంగా ఉన్న బడి భవనం గోడ మీదే. నలభై కిటికీ మూలలూ ఒకే గోడ మీద, ఒకే బల్లపరుపు మీద ఉన్నాయి. మెట్రో పాఠం గుర్తు తెచ్చుకోండి. దగ్గరివీ దూరపువీ రెండూ ఉంటేనే లోతు తెలుస్తుంది. ఒకే ఇంటి నుంచి వచ్చిన నలభైమంది సాక్షులు ఒకే మాట చెప్పారు. వాళ్లలో వాళ్లకు తేడా లేదు కాబట్టి మార్కు బాగా వచ్చింది. మైదానం మధ్యలో ఏం జరిగిందో వాళ్లెవరూ చూడలేదు. మనం చార్మినార్ పెట్టింది అక్కడే.

మార్కు బాగుంటే జవాబు సరైనదే అనుకోకూడదని ఆ రోజు నాకూ తెలిసింది.

అదనపు చుక్కలు

ఇక చేత్తో చుక్కలు పెట్టడం మొదలైంది. కంప్యూటర్ చూడని చోట మనుషులు చూడాలి. కుళాయి గట్టు మూల, మురుగుకాలువ పలక అంచు, జెండా స్తంభం మొదలు, వాలీబాల్ స్తంభం మొదలు, రెండు రాళ్లు, పిచ్ మీద సున్నపు గీతలు కలిసే చోట్లు. ఒక్కొక్కదాన్నీ కొన్ని ఫ్రేముల పాటు వెంబడించి, దారి తప్పితే సరిదిద్ది, మళ్లీ వెంబడించాలి. రెండు రోజుల్లో పద్నాలుగు అదనపు చుక్కలు పోగయ్యాయి.

మళ్లీ లెక్క కట్టిస్తే మార్కు 0.4 నుంచి 0.7కు చెడింది. పిల్లల ముఖాలు వాడిపోయాయి. చార్మినార్ మాత్రం ఈసారి కదల్లేదు! కొత్త సాక్షులు పాతవాళ్లతో పూర్తిగా ఏకీభవించలేదు కాబట్టి తేడా పెరిగింది. కానీ వాళ్లు చెప్పినదాంట్లో నిజం ఎక్కువ.

అన్ని మూలలూ మంచి చుక్కలు కావని కూడా అప్పుడే తెలిసింది. మేము మోసపోయిన దొంగ చుక్కలు ఇవి. ముందున్న స్తంభం, వెనకున్న గోడ అంచు ఒకదాన్నొకటి దాటే చోట మూలలాంటిది కనిపిస్తుంది. నిజానికి అక్కడ ఏ వస్తువూ లేదు. మనం జరిగితే అదీ జరుగుతుంది. కారు అద్దంలో ప్రతిబింబాలూ అంతే. గాలికి ఊగే ఆకులు, ఎగిరే జెండా, నడిచే మనుషులు తమంతట తామే కదులుతారు. కెమెరా కదలికను చెప్పేవాడు తాను కదలకుండా ఉండాలి కదా!

ఏడో సెకను గండం

చార్మినార్ ఏడో సెకను దాకా నిలబడి, అక్కడ ఒక్కసారి ఉలిక్కిపడ్డట్టు ఎగిరింది.

నడుస్తూ తీసిన వీడియోలో పాత చుక్కలు పక్కనుంచి బయటికి పోతుంటాయి, కొత్తవి లోపలికి వస్తుంటాయి. మా దగ్గరి చుక్కల్లో చాలావరకు ఏడో సెకనులో బయటికి పోయాయి. మేము పెట్టిన కొత్తవి ఎనిమిదో సెకనులో మొదలయ్యాయి. మధ్యలో ఒక సెకను, అంటే ముప్పై ఫ్రేములు, దగ్గర నేల గురించి చెప్పేవాళ్లు లేరు. ఆ సందులో లెక్క తెగిపోయింది. కొత్త చుక్కలు ఎంత మంచివైనా పాతవాటితో కలిసి కొంతసేపు ఒకే ఫ్రేముల్లో కనిపించాలి. అప్పుడే ఈ కొత్తది ఆ పాతదానికి ఇంత దూరంలో ఉందని ముడి పడుతుంది. రిలే పరుగులో కర్ర అందించేటప్పుడు ఇద్దరూ కొన్ని అడుగులు కలిసి పరుగెత్తాలి. ఒకరు ఆగిపోయాక ఇంకొకరు మొదలుపెడితే కర్ర కింద పడుతుంది.

పిచ్ చివర సున్నపు గీత మూల ఒకటి ఐదో సెకనులోనే ఫ్రేములోకి వస్తోందని ఆ అమ్మాయే కనిపెట్టింది. మసకగా ఉండటంతో మేమెవరం దాన్ని పట్టించుకోలేదు. దాన్నీ, దాని పక్కనున్న ఇంకో మూడింటినీ ఐదో సెకను నుంచి తొమ్మిదో సెకను దాకా ఫ్రేము తరువాత ఫ్రేము చేత్తో పట్టింది. ఎగిరే చార్మినార్ ఆగిపోయింది.

ఎంత పెద్దది?

అంతా బాగుందనుకుంటే ఆమె పెదవి విరిచింది. “అంత చిన్నది కాదు మేడమ్. సికింద్రాబాద్‌లో ఉన్నప్పుడు రెండుసార్లు చూశాను.”

వీడియో నుంచి ఆకారం తెలుస్తుంది, సైజు తెలియదు. అగ్గిపెట్టెల ఊరిలో చీమ నడుస్తూ తీసినా, నిజం ఊరిలో మనిషి నడుస్తూ తీసినా బొమ్మ ఒకటే. ఏదో ఒక్క పొడవు మనం కొలిచి చెప్పాలి. ఆ ఒక్కటి తెలిస్తే మిగతావన్నీ లెక్కలోంచి వస్తాయి.

దీనికి మన దేశంలో పెద్ద ఉదాహరణ ఉంది. 1802లో విలియం లాంబ్టన్ చెన్నై దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద దేశాన్ని కొలవడం మొదలుపెట్టాడు. సుమారు 12 కిలోమీటర్ల పొడవున్న ఒక్క గీతను ఉక్కు గొలుసుతో జాగ్రత్తగా కొలిచాడు. ఆ తరువాత కోణాలు చూస్తూ, త్రిభుజం పక్కన త్రిభుజం అల్లుకుంటూ ఉత్తరానికి వెళ్లారు. లెక్క తప్పలేదని సరిచూసుకోవడానికి దారిలో అక్కడక్కడా మళ్లీ ఒక గీత కొలిచేవారు. ఆ సర్వే హిమాలయాల దాకా సాగింది. ఎవరెస్ట్ ఎత్తును రాధానాథ్ సిక్‌దర్ లెక్కకట్టింది ఆ త్రిభుజాలతోనే. రెండు చోట్ల నుంచి చూసి మూడో దాని స్థానం తేల్చడమే మ్యాచ్‌మూవింగ్‌లోనూ ఉన్న పని. కొండల బదులు కిటికీ మూలలు, అంతే తేడా.

మాకు ఉక్కు గొలుసు అక్కర్లేకపోయింది. వీడియోలోనే క్రికెట్ పిచ్ ఉంది. వికెట్ల నుంచి వికెట్లకు 22 గజాలు, అంటే 20.12 మీటర్లు. 1591లో కట్టిన చార్మినార్ ఒక్కో వైపు సుమారు 20 మీటర్లు. అంటే పిచ్ పొడవుకు దాదాపు సమానం! ఆ కొలత ఇచ్చేసరికి చార్మినార్ ఒక్కసారిగా ఎదిగి, మైదానం సగం నింపి, మీనార్ల కొసలు ఫ్రేము దాటిపోయాయి. “ఇప్పుడు సరిగ్గా ఉంది” అంది ఆమె.

ఇదే పని పెద్ద తెర మీద

హైదరాబాద్‌లో ఈ పని ఏళ్లుగా జరుగుతోంది. 2012లో రాజమౌళి తీసిన ‘ఈగ’లో కథానాయకుడే కంప్యూటర్‌లో పుట్టిన ఈగ. దానికి పనిచేసిన హైదరాబాద్ సంస్థ మకుట, స్పెషల్ ఎఫెక్ట్స్‌కు జాతీయ అవార్డు అందుకుంది. 2015లో వచ్చిన ‘బాహుబలి’లో మాహిష్మతి కొంత రామోజీ ఫిల్మ్ సిటీలో వేసిన సెట్, మిగతాది కంప్యూటర్ కట్టిన కోట. ఆ సినిమాకూ, 2022 నాటి ‘ఆర్ఆర్ఆర్’కూ వి. శ్రీనివాస్ మోహన్ జాతీయ అవార్డులు అందుకున్నారు. ఇలాంటి సినిమాల్లో నీలం, ఆకుపచ్చ తెరల ముందు తీసేటప్పుడు తెర మీద అక్కడక్కడా చిన్న గుర్తులు అతికిస్తారు. ఖాళీ తెరలో మూలలుండవు కాబట్టి అవి మనుషులు పెట్టే అదనపు చుక్కలు. పని అయ్యాక చెరిపేస్తారు. ప్రేక్షకులకు వాటి సంగతే తెలియదు.

సినిమా బయట కూడా ఈ విద్యకు పని ఉంది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగేటప్పుడు, తాను పక్కకు ఎంత వేగంగా జరుగుతోందో తెలుసుకోవడానికి కిందికి చూసే కెమెరాను వాడింది. తెలియని నేల మీద క్షేమంగా దిగాలంటే ఆ నేల మీది ఆనవాళ్లను చూస్తూనే దిగాలి.

మీరే చేసి చూడండి

• ఫోన్‌లో జూమ్ ముట్టుకోవద్దు. మధ్యలో లెన్సు మారితే లెక్క చెడుతుంది. వణుకు తగ్గించే సదుపాయాన్ని ఆపేయండి. అది ప్రతి ఫ్రేమునూ ఇష్టమొచ్చినట్టు కత్తిరిస్తుంది.
• మంచి వెలుతురులో తీయండి. చీకట్లో చుక్కలు చెరిగిపోయి గీతలవుతాయి.
• తల తిప్పడం కాదు, నడవాలి. నెమ్మదిగా, పక్కకు.
• నేల ఖాళీగా ఉంటే టెన్నిస్ బంతులు, ఆటల కోన్లు, సుద్దతో వేసిన ఇంటూ గుర్తులు పెట్టండి. కొన్ని దగ్గర, కొన్ని మధ్యలో, కొన్ని దూరంగా. బొమ్మ పెట్టబోయే చోటు చుట్టూ తప్పకుండా ఉండాలి.
• రెండు గుర్తుల మధ్య దూరాన్ని టేపుతో కొలిచి రాసుకోండి.
• పాత చుక్కలు పోకముందే కొత్తవి మొదలుపెట్టండి.

చివరిగా ఒక మాట

ఫిబ్రవరి 21న సభలో మీరంతా చార్మినార్ చూశారు. అది జారలేదు. మార్చిలో వాళ్ల నాన్నగారికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఆ అమ్మాయి టి.సి. కాగితాల కోసం వచ్చినప్పుడు కంప్యూటర్ గది గుమ్మం దగ్గర నిలబడి, “మేడమ్, నాకు అలవాటే” అంది. నాకూ అలవాటే. పన్నెండేళ్లలో ఇది నా ఐదో ఊరు. అలవాటని చెప్పే గొంతు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

అందుకే మన చుక్కల నుంచి నేర్చుకున్నది ఒకటి ఆమెకు చెప్పాను, మీకూ చెబుతున్నాను. నేను కొత్త ఉద్యోగంలో ఉన్నప్పుడు ఊరు మారగానే పాత ఊరిని మరిచిపోవాలనుకునేదాన్ని. నొప్పి తగ్గుతుందని అలా చేసేదాన్ని. కొత్త ఊరిలో ఆరునెలల పాటు ఎవరూ తెలియరు, పాతవాళ్లతో మాటలు లేవు. అదే నా ఏడో సెకను. తరువాత పద్ధతి మార్చాను. వెళ్లబోయే ఊరిలో ఒకరి పేరైనా, ఒక గ్రంథాలయమైనా ముందే కనుక్కుంటాను. వదిలి వచ్చిన ఊరిలో ఇద్దరితోనైనా కనీసం ఒక ఏడాది ఉత్తరాలో, ఫోనులో నడిపిస్తాను. పాతవాళ్లూ కొత్తవాళ్లూ కొంతకాలం ఒకే ఫ్రేములో ఉంటే, మనం ఎక్కడున్నామో మనకు తెలుస్తుంది.

ఏప్రిల్ చివర్లో కొత్త బడి నుంచి ఆమె పది సెకన్ల వీడియో పంపింది. ఎక్కడో తెలియని మైదానం, చుట్టూ కొబ్బరిచెట్లు. మధ్యలో మన బడి నీళ్ల ట్యాంకు నిలబడి ఉంది. నేను మూడుసార్లు చూశాను. ఎక్కడా జారలేదు. కింద తెలుగులో రెండు ముక్కలు రాసింది: “ఇరవై ఆరు చుక్కలు, మేడమ్. పద్దెనిమిది నేను చేత్తో పెట్టినవి.”